దీవిలో దొరికిన నల్లి కొత్త జాతి అనిపిస్తే: వర్ణన రాసే పద్ధతి

కొమ్మ కింద తెల్ల గొడుగు తిరగేసి పట్టుకుని, కొమ్మను కర్రతో గట్టిగా రెండు దెబ్బలు కొడితే ఆకులు, చీమలు, సాలీళ్లతో పాటు నాలుగు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు ఒకటి గొడుగులో పడి పరుగు తీస్తుంది. అలాంటిది మీరు ఇంతవరకూ చూడలేదు. చేతిలో ఉన్న పుస్తకాల్లోనూ లేదు. "కొత్త జాతి" అనే మాట వెంటనే నోటిదాకా వస్తుంది. ఆ మాటను ధైర్యంగా అచ్చులో పెట్టే రోజు వరకూ ఏమేం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

మా వాళ్లది శ్రీకాకుళం జిల్లా. నేను పుట్టి పెరిగింది మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లో. నా పని నల్లుల వర్గం మీద, అందులోనూ ముఖ్యంగా మొక్కల రసం పీల్చే మిరిడే కుటుంబం మీద. అందుకే ఉదాహరణలన్నీ అండమాన్ నికోబార్ నుంచి, ఆ కుటుంబం నుంచే వస్తాయి. ఏ ఉష్ణమండల దీవిలో పనిచేసేవారికైనా పద్ధతి ఒకటే.

ఈ వర్గాన్ని శాస్త్రంలో హెటెరోప్టెరా అంటారు. మంచంలోని నల్లి, వరి కంకిని పాడుచేసే కంపు నల్లి, చెరువు నీటి మీద పరుగెత్తే పొడుగు కాళ్ల పురుగు, పలాస వైపు జీడితోటల్లో లేత చిగురును మాడ్చే టీ దోమ, ఇవన్నీ ఇందులోవే. టీ దోమ పేరుకే దోమ, నిజానికి మిరిడే కుటుంబపు నల్లి. దాని వీపు మీద నిటారుగా నిలబడే ముల్లును ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. ఈ వర్గాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. సూదిలాంటి నోటి గొట్టం తల కింద నుంచి వెనక్కి మడిచి ఉంటుంది. ముందు రెక్క మొదలు భాగం తోలులా మందంగా, చివరి భాగం పలుచటి పొరలా ఉంటుంది. గొంగళి, ప్యూపా దశలు ఉండవు. పిల్ల పురుగు మామూలుగా ఐదు దశల్లో కుబుసం విడుస్తూ పెద్దదవుతుంది.

ముందు అనుమతులు

దీన్ని చివరికి వాయిదా వేయకండి. అండమాన్ నికోబార్‌లో అడవిలో నమూనాలు సేకరించాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఆదివాసుల రక్షణకు 1956 నాటి ప్రత్యేక రెగ్యులేషన్ ఉంది. జరావాల రిజర్వులోకి గానీ నార్త్ సెంటినెల్ వైపు గానీ పురుగుల కోసం వెళ్లాలనే ఆలోచనే వద్దు. నికోబార్ దీవులకు వెళ్లడానికి విడిగా పాస్ తీసుకోవాలి. అనుమతి పత్రం నంబరు తర్వాత మీ వ్యాసంలో రాయాల్సి వస్తుంది, జాగ్రత్తగా దాచండి.

పట్టుకోవడం

మిరిడే నల్లులకు కాళ్లు, మీసాలు చాలా తేలిగ్గా ఊడిపోతాయి. వలలో పడ్డవన్నీ ఒకే సీసాలో కుక్కితే సాయంత్రానికి సీసా అడుగున కాళ్ల కుప్ప మిగులుతుంది. జాతిని వేరు చేయడానికి మీసపు రెండో ఖండం పొడవు కావాలి, అదే ఉండదు. చిన్న గొట్టాలు ఎక్కువ తీసుకెళ్లండి. ఒక్కో గొట్టంలో నలిపిన టిష్యూ కాగితం ముక్క పెట్టి, ఒక చెట్టు మీద దొరికినవి మాత్రమే అందులో వేయండి. చంపడానికి ఇథైల్ అసిటేట్ కొన్ని చుక్కలు చాలు. డీఎన్ఏ కోసం కొన్నింటిని నేరుగా 95 శాతానికి పైబడిన ఆల్కహాల్‌లో వేయాలి. రంగులు చూడటానికి మరికొన్నింటిని పొడిగా ఉంచాలి. ఆకుపచ్చ నల్లి చచ్చిన కొన్నాళ్లకు పసుపు రంగుకు తిరుగుతుంది కాబట్టి, బతికున్నప్పుడే ఫొటో తీసి ఆ ఫొటో నంబరు గొట్టం మీద రాయండి.

అప్పుడే కుబుసం విడిచిన పురుగు పాలిపోయి మెత్తగా ఉంటుంది. దాని అసలు రంగు రావడానికి కొంత సమయం పడుతుంది. అలాంటి పాలిపోయిన పురుగును చంపి "లేత పసుపు రంగు కొత్త జాతి" అని సంబరపడితే వృథా. అనుమానం ఉంటే చిగురుతో పాటు డబ్బాలో వేసి మర్నాటి దాకా ఆగండి.

పిల్ల పురుగుల కోసం తప్పకుండా వెతకండి. రెక్కలున్న పెద్ద పురుగు గాలికి కొట్టుకొచ్చి ఏ చెట్టు మీదైనా వాలొచ్చు. రెక్కలు రాని పిల్లలు దొరికిన చెట్టే దాని ఆహారపు చెట్టు అని చాలావరకు నమ్మొచ్చు. పూతో కాయో ఉన్న రెమ్మను కూడా ఎండబెట్టి తీసుకురండి. చెట్టు పేరు వృక్షశాస్త్రం తెలిసినవారు చెప్పాలి, మన ఊహ పనికిరాదు. "ఏదో పొద మీద దొరికింది" అని రాసిన వర్ణనలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ పురుగు బతుకులో సగం అక్కడే పోయినట్టు అనిపిస్తుంది.

లేబుల్

నమూనా కన్నా లేబుల్ ముఖ్యమని నేను నమ్ముతాను. లేబుల్ లేని పురుగును శాస్త్రం వాడుకోలేదు. దీవి పేరు, ఊరు లేదా వాగు పేరు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, పట్టిన పద్ధతి, చెట్టు, పట్టినవారి పేరు, ఇవన్నీ ఉండాలి. తేదీలో నెలను రోమన్ అంకెల్లో రాయడం ఆనవాయితీ. అలా రాస్తే రోజేదో నెలేదో ఎవరూ తికమక పడరు. ఆల్కహాల్ గొట్టంలో పెన్సిల్‌తో రాసిన చీటీ వేయండి. కొన్ని ప్రింటర్ల సిరా ఆల్కహాల్‌లో తేలి వచ్చేస్తుంది.

మా దీవుల్లో ఊరి పేరొక్కటే రాస్తే ఎందుకు సరిపోదో చెబుతాను. హావ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. మౌంట్ హారియట్ నేషనల్ పార్కు 2021 నుంచి మౌంట్ మణిపూర్. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. నేను పాత పేరు, కొత్త పేరు రెండూ రాస్తాను, పక్కనే అక్షాంశ రేఖాంశాలు పెడతాను. నూరేళ్ల కిందటి లేబుళ్లలో చాలాసార్లు "అండమాన్ దీవులు" అని మాత్రమే ఉంటుంది. అది ఏ దీవో ఇప్పుడు చెప్పేవారు లేరు. ఆ జాతిని మళ్లీ వెతకాలంటే దీవులన్నీ గాలించాలి.

పేరే కాదు, నేల కూడా మారుతుంది. 2004 సునామీకి కారణమైన భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. తీరపు అడవి కొంత నీటిలో కలిసిపోయింది. అంతకుముందు అక్కడ పట్టిన పురుగుల చుట్టూ ఏ చెట్లుండేవో పట్టినవారి నోట్‌బుక్కులోనే చూడాలి. మీరు నిలబడిన చోటు ఎలా ఉందో, నీడ ఎంతుందో, నేల తడిగా ఉందా, వాగు ఎంత దూరమో నాలుగు వాక్యాలు రాయండి. ఒక ఫొటో తీయండి.

దాచడం

చిన్న నల్లులకు గుండుసూది నేరుగా గుచ్చకూడదు. మందపాటి కాగితాన్ని చిన్న త్రికోణంగా కత్తిరించి, కొసను కొద్దిగా వంచి, నీళ్లలో కరిగే జిగురు చుక్కతో పురుగు ఛాతీ కుడి పక్కన అంటించండి. ఎడమ పక్క, కడుపు కింద, నోటి గొట్టం కనిపించాలి. మా దీవుల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు వానే. బూజు, చీమలు రెండూ శత్రువులే. గాలి చొరబడని పెట్టె, సిలికా జెల్, నెలకోసారి తీసి చూడటం, ఈ మూడూ తప్పవు.

కొత్తదేనా: పాత పేర్ల గాలింపు

అసలు పని ఇది. నెలలు పట్టినా పట్టనివ్వండి. ఒక పురుగు కొత్త జాతి అని చెప్పడమంటే, ఇంతవరకూ పెట్టిన పేర్లలో ఏదీ దీనికి చెందదని ఒక్కొక్కటిగా చూపించడం. మీకు తెలియకపోవడం అందుకు రుజువు కాదు. హెటెరోప్టెరాలో నలభై వేలకు పైగా జాతులకు పేర్లున్నాయి, ఒక్క మిరిడేలోనే పదకొండు వేలకు పైమాటే.

ముందు పురుగును ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) దాకా తేవాలి. మిరిడే అయితే నుదుటి మీద చిన్న సరళ నేత్రాలు ఉండవు (ఒక ఉపకుటుంబానికి మినహాయింపు), ముందు రెక్క తోలు భాగం చివర చిన్న త్రికోణపు ముక్క విడిగా మడిచినట్టు ఉంటుంది. తర్వాత గోళ్ల మధ్య ఉండే మెత్తని భాగాల ఆకారం చూసి ఉపకుటుంబం తేల్చాలి. ప్రజాతి తప్పయితే ఆ తర్వాత చేసిన పోలికలన్నీ తప్పవుతాయి, కాబట్టి ఇక్కడ అనుమానం మిగిలితే ఈ కుటుంబం తెలిసిన నిపుణులకు ఫొటోలు పంపి అడగండి. ఈ రంగంలో ఉన్నవారు కొద్దిమందే, అయినా అడిగితే చెబుతారు.

ప్రజాతి తేలాక దాని కింద ఉన్న జాతులన్నింటి జాబితా తయారు చేయండి. మిరిడేకు ర్యాండల్ షూ తయారుచేసిన ఆన్‌లైన్ కేటలాగ్ ఉంది. ప్రతి పేరుకూ మొదటి వర్ణన ఎక్కడ అచ్చయిందో అది చెబుతుంది. మన ప్రాంతానికి వస్తే, బ్రిటిష్ ఇండియా జంతుజాలం వరుసలో ఇంగ్లీషు కీటక శాస్త్రవేత్త డిస్టాంట్ 1902 నుంచి 1918 వరకు నల్లుల మీద, వాటి దగ్గరి బంధువుల మీద రాసిన ఏడు సంపుటాలను తప్పించుకోలేరు. అవి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మిరిడే అని వెతికితే ఏమీ రాదు, అప్పట్లో ఆ కుటుంబాన్ని కాప్సిడే అనేవారు. డిస్టాంట్ వర్ణనల్లో రంగుల వివరాలు ఎక్కువ. మగ పురుగు జననాంగాల గురించి చెప్పింది తక్కువ. ఆయన వాక్యాలు ఒక్కటే చదివి "మనది వేరు" అని తీర్మానించడం నా దృష్టిలో తొందరపాటు. ఆయన చూసిన నమూనానే చూడాలి. ఆయన సేకరణ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

దీవుల విషయంలో ఇంకో సంగతి ఉంది. పటంలో అండమాన్ నికోబార్ భారతదేశంలో ఉన్నాయి కాబట్టి భారతదేశపు పుస్తకాలు చూస్తే చాలనుకుంటారు. పురుగులకు ఆ సరిహద్దు తెలియదు. అండమాన్ జీవజాలానికి మయన్మార్‌తో దగ్గర చుట్టరికం, నికోబార్‌కు సుమత్రాతో. రెండు దీవుల సమూహాల మధ్య దాదాపు 150 కిలోమీటర్ల వెడల్పున టెన్ డిగ్రీ ఛానెల్ ఉంది. గ్రేట్ నికోబార్ నుంచి సుమత్రా రెండొందల కిలోమీటర్ల లోపే, చెన్నై మాత్రం వెయ్యి కిలోమీటర్లు దాటి ఉంది. అందుకే గ్రేట్ నికోబార్ నల్లిని ముందు సుమత్రా, మలయా, జావా జాతులతో పోల్చాలి. లియోనార్డో ఫియా బర్మాలో 1885 నుంచి 1889 వరకు పట్టినవి, మోదిగ్లియాని సుమత్రాలోనూ నియాస్, ఎంగానో, మెంతావై దీవుల్లోనూ పట్టినవి ఇటలీలోని జెనోవా మ్యూజియంలో ఉన్నాయి. ఈ ప్రాంతపు మిరిడే మీద ఫిన్లాండ్‌కు చెందిన పోపియస్ జర్మన్ భాషలో చాలా రాశాడు. ఆ జర్మన్ వాక్యాలను నిఘంటువు పెట్టుకుని చదివే ఓపిక ఉండాలి. ఇప్పుడు యంత్రానువాదం కొంత సాయం చేస్తుంది, కానీ శరీర భాగాల పేర్ల దగ్గర దాన్ని నమ్మకండి.

మూల నమూనాను, అంటే ఆ జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న పురుగును, చూడటానికి అన్నిసార్లూ విమానం ఎక్కక్కర్లేదు. మ్యూజియం సంరక్షకులకు ఉత్తరం రాయండి. ఏ నమూనా, ఏ కోణం, ఏ భాగం కావాలో విడివిడిగా అడగండి. "ఫొటో పంపండి" అని ఊరుకుంటే పై నుంచి తీసిన ఒక్క ఫొటో వస్తుంది, మీకు కావాల్సింది పక్క నుంచి నోటి గొట్టం చివర ఎక్కడిదాకా వచ్చిందో. మన నమూనాలను విదేశాలకు పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు ముందు చదవాలి.

మనుషులు తెచ్చిన పురుగుల సంగతి కూడా చూడాలి. ఓడల్లో, నర్సరీ మొక్కల్లో, కూరగాయల బుట్టల్లో నల్లులు దీవులకు చేరుతూనే ఉంటాయి. మల్లె ఆకుల కింద ఉండే లేస్ నల్లి కోరితౌమా అయ్యరిని 1933లో డ్రేక్ దక్షిణ భారతదేశం నుంచి వర్ణించాడు. ఇప్పుడది మధ్యధరా తీర దేశాల తోటల్లోనూ ఉంది. అక్కడ ఎవరైనా దాన్ని మొదటిసారి చూసి తమ దేశపు జాబితాలో మాత్రమే వెతికి ఉంటే ఇంకో పేరు పెట్టేసేవారు. జెట్టీ పక్కన, తోటలో, రోడ్డు వార కలుపు మీద దొరికిన "కొత్త" జాతిని నేను రెట్టింపు అనుమానంతో చూస్తాను. లోపలి అడవిలో స్థానిక చెట్టు మీద పిల్లలతో సహా దొరికితే నమ్మకం పెరుగుతుంది.

మైక్రోస్కోప్ కింద

ఈ నల్లుల్లో చాలా జాతులను బయటి నుంచి చూసి వేరు చేయలేం. మగ పురుగు కడుపు చివరి ఖండం లోపల చూడాలి. ఆ చివరి ఖండాన్ని సన్నని సూదులతో విడదీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో రాత్రంతా నానబెడితే కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. వేడి చేస్తే త్వరగా అవుతుంది కానీ చిన్న పురుగు మరీ మెత్తబడిపోతుంది, నేను నానబెట్టడమే ఇష్టపడతాను. కళ్లద్దాలు, గ్లవ్స్ మర్చిపోవద్దు, అది చర్మాన్ని కాల్చే రసాయనం. తర్వాత నీళ్లలో కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి చూడండి. మిరిడేలో ఎడమ, కుడి పట్టుకొమ్మలు (మగ జననాంగాల్లో కొక్కెంలా ఉండే జత భాగాలు) ఒకేలా ఉండవు, మామూలుగా ఎడమది పెద్దది. రెంటినీ కనీసం రెండు కోణాల నుంచి గీయాలి. కోణం కొద్దిగా మారినా ఆకారం వేరేలా కనిపిస్తుంది. పోల్చే జాతి బొమ్మ ఏ కోణం నుంచి గీశారో మీరూ అదే కోణం నుంచి గీస్తేనే ఆ పోలిక చెల్లుతుంది. పని అయ్యాక ఆ భాగాలను గ్లిజరిన్ నింపిన చిన్న గొట్టంలో వేసి అదే గుండుసూదికి గుచ్చండి. పురుగు ఒక పెట్టెలో, దాని జననాంగాలు ఇంకో పెట్టెలో ఉంటే కొన్నేళ్లకు రెండూ అనాథలే.

కొలతలు మిల్లీమీటర్లలో, రెండు దశాంశ స్థానాల దాకా. మొత్తం పొడవు, తల వెడల్పు, కళ్ల మధ్య దూరం, నాలుగు మీసపు ఖండాల పొడవు విడివిడిగా, మెడ వెనక పలక పొడవు వెడల్పు, వెనక కాలి భాగాలు. వీలైనన్ని మగ, ఆడ పురుగులను కొలిచి కనిష్ఠం, గరిష్ఠం, సగటు ఇవ్వండి. మిల్లీమీటర్ల కన్నా నిష్పత్తులు ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే తిండి సరిగా దొరకని పురుగు చిన్నదవుతుంది కానీ నిష్పత్తులు అంతగా మారవు.

రెక్కల పొడవు దగ్గర దీవులు బాగా మోసం చేస్తాయి. దీవుల్లో, కొండ శిఖరాల్లో నల్లుల రెక్కలు కుదించుకుపోవడం మామూలే. హవాయిలో మౌనా కీ శిఖరం మీద, 4,200 మీటర్ల ఎత్తున, నైసియస్ వెకియుయికోలా అనే నల్లి ఉంది. ఆ ప్రజాతిలో మిగతావి చాలావరకు గింజల రసం పీల్చి బతుకుతాయి. ఇది గాలికి కొట్టుకొచ్చి చలికి చచ్చిన పురుగుల రసం పీలుస్తుంది. రెక్కలు పేరుకు మాత్రమే ఉంటాయి. దాన్ని 1983లో ఆష్‌లాక్, గాన్యే వర్ణించినప్పుడు రెక్కల కుదింపునూ, గాలి ఆహారం మోసుకొచ్చే ఆ ప్రదేశాన్నీ శీర్షికలోనే పెట్టారు. అక్కడ రెక్కలు నిజంగానే జాతి లక్షణం. కానీ చాలా జాతుల్లో ఒకే చెట్టు మీద పొడుగు రెక్కలవి, పొట్టి రెక్కలవి రెండూ ఉంటాయి, కొన్నిటిలో మగది ఎగురుతుంది, ఆడది ఎగరలేదు. పొట్టి రెక్కలు ఒక్కటే చూపించి కొత్త జాతి అంటే నేను ఒప్పుకోను.

డీఎన్ఏ చేయగలిగితే చేయండి. కుడి వెనక కాలు ఒకటి చాలు. 1994 నుంచి అందరూ వాడుతున్న ప్రైమర్ల జతతో, జాతుల గుర్తింపుకు వాడే సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్క చదివి, డీఎన్ఏ వరుసల ఆన్‌లైన్ నిధి అయిన జెన్‌బ్యాంకులో పెట్టండి. మగ, ఆడ, పిల్ల ఒకే జాతివని చూపడానికి దీన్ని మించింది లేదు. "మూడు శాతం తేడా ఉంది కాబట్టి కొత్త జాతి" అనే వాదన మాత్రం నాకు నచ్చదు. అన్ని ప్రజాతులకూ వర్తించే అంకె ఏదీ లేదు. శరీరంలోనూ తేడా కనిపించాలి.

హోలోటైప్ ఎంపిక

పేరును మోసేది ఒకే ఒక్క నమూనా, దాన్ని హోలోటైప్ అంటారు. మీసాలు, కాళ్లు అన్నీ ఉన్న మగ పురుగును ఎంచుకోండి. దానికి ఎర్ర లేబుల్. అదే చోట దొరికిన మిగతావి పారాటైపులు. పక్క దీవిలో దొరికినవాటిని పారాటైపుల్లో కలపకపోవడం మంచిదని నా అభిప్రాయం. రేపు ఎవరైనా ఆ పక్క దీవిది వేరే జాతి అని తేలిస్తే మీ పారాటైపులు రెండు జాతుల కలగూరగంప అవుతాయి. వాటిని "ఇతర నమూనాలు" అని విడిగా రాయండి.

ఒక్క ఆడ పురుగే దొరికితే? మళ్లీ వెళ్లండి. వెళ్లే దారి లేకపోతే, ఆ పురుగు ప్రజాతిలో మరే జాతితోనూ పొరబడలేనంత భిన్నంగా ఉంటే తప్ప, పేరు పెట్టకుండా ఉంచండి.

రాయడం

జంతు నామకరణ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అది అడిగేవి కొన్నే, కానీ ఒక్కటి తప్పినా పేరు చెల్లదు. ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి. మిగతా జాతుల నుంచి వేరు చేసే లక్షణాలను మాటల్లో చెప్పాలి, ఫొటో ఒక్కటే చాలదు. హోలోటైప్ ఏదో, ఏ సంస్థలో ఉందో, ఉండబోతోందో రాయాలి. పీహెచ్‌డీ థీసిస్‌లో రాసినంత మాత్రాన ప్రచురించినట్టు కాదు. వార్తాపత్రికలోనో వాట్సాప్‌లోనో పేరు ముందే బయటపెడితే తర్వాత చిక్కులు, వ్యాసం వచ్చేదాకా పేరు మీ దగ్గరే ఉండాలి.

వ్యాసంలో అందరూ ముందు చదివేది లక్షణ నిర్ధారణ అనే చిన్న పేరా. దాన్ని చివర రాయండి, అప్పటికి మీకు పురుగు బాగా తెలిసి ఉంటుంది. "కాళ్లు పొడవు, రంగు లేత" అంటే దేనికన్నా పొడవు? ఉదాహరణకు ఇలా రాయాలి: "వెనక కాలి టిబియా (మోకాలి కింది పొడుగు భాగం) 1.92 మి.మీ., తల వెడల్పుకు 2.4 రెట్లు, సుమత్రా జాతిలో రెండు రెట్లకు మించదు. నోటి గొట్టం చివర వెనక కాళ్ల మొదళ్లను దాటుతుంది. ఆ జాతిలో మధ్య కాళ్ల మొదళ్ల దగ్గరే ఆగుతుంది." ఏ జాతితో పొరబడే అవకాశం ఎక్కువో దాని పేరు చెప్పి పోల్చండి. మూడు నాలుగు గట్టి తేడాలు చాలు.

ఆ తర్వాత పూర్తి వర్ణన. రంగు ఒక పేరా, నిర్మాణం ఇంకో పేరా, తల నుంచి కడుపు చివర దాకా వరుసగా. రంగు మారుతుంది, మాసిపోతుంది, అందుకే దాన్ని నిర్మాణంతో కలపకూడదు. మగదాన్ని పూర్తిగా రాసి, ఆడదానిలో తేడాలు మాత్రమే చెప్పండి. నమూనాల మధ్య కనిపించిన వైవిధ్యాన్ని దాచొద్దు. ఒకదానికి రెక్క మీద మచ్చ ఉంది, ఇంకోదానికి లేదు అంటే ఆ మాటే రాయండి. ఫొటోల్లో స్కేల్ గీత ఉండాలి, "నలభై రెట్లు" అని రాస్తే పేజీ సైజు మారగానే అది అబద్ధం అవుతుంది. వీలైతే ఆ ప్రజాతి జాతులన్నింటికీ గుర్తింపు కీ (లక్షణాలు ఒక్కొక్కటి చూసుకుంటూ జాతి పేరుకు చేరే పట్టిక) ఒకటి తయారు చేయండి. దానికి శ్రమ ఎక్కువే, కానీ పురుగును ఇంకో దీవిలో పట్టుకున్న విద్యార్థి మొదట తెరిచేది దాన్నే.

అది ఏ చెట్టు మీద, చిగురు మీదా ముదురు ఆకు మీదా, ఏ నెలలో దొరికిందో, తోడుగా పిల్లలున్నాయో లేదో తప్పకుండా రాయండి. గ్రేట్ నికోబార్‌లో పెద్ద ప్రాజెక్టు కోసం 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని మళ్లించడానికి 2022లో సూత్రప్రాయంగా అనుమతి వచ్చింది. అలాంటి చోట ఒక నల్లి ఏ చెట్టు మీద ఆధారపడి ఉందో రాసిన రెండు వాక్యాలు, దాన్ని మళ్లీ వెతకాల్సినవారికి దారి చూపిస్తాయి.

పేరు

పేరు లాటిన్ అక్షరాల్లో ఉండాలి, అదే ప్రజాతిలో ఆ పేరు ఇంతకుముందు వాడి ఉండకూడదు. విశేషణమైతే ప్రజాతి లింగాన్ని అనుసరించాలి: పుంలింగం, స్త్రీలింగం అయితే నికోబారెన్సిస్, నపుంసకలింగం అయితే నికోబారెన్స్. పురుషుడి పేరుకు చివర మామూలుగా ఐ, స్త్రీ పేరుకు ఏఈ అక్షరాలు చేరతాయి. తెలుగు మాటనైనా లాటిన్ అక్షరాల్లో రాసి పెట్టొచ్చు. నికోబారీల భాష నుంచి మాట తీసుకోవాలంటే ఆ ఊరి పెద్దలను అడిగి, ఒప్పుకుంటేనే తీసుకోండి. సొంత పేరు పెట్టుకోవడం ఈ రంగంలో మర్యాద కాదు. ఇంకొకరు అదే పురుగు మీద పనిచేస్తున్నారని తెలిస్తే వారికన్నా ముందు అచ్చు వేయాలని పరుగెత్తడం కూడా మర్యాద కాదు. ఉత్తరం రాసి కలిసి రాద్దామని అడగండి.

అచ్చు, అప్పగింత

2012 నుంచి ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే వ్యాసాలూ చెల్లుతాయి, కాకపోతే ముందుగా జూబ్యాంకులో (జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ రిజిస్టరులో) నమోదు చేసి, నమోదైన ఆధారాన్ని వ్యాసంలోనే చూపాలి. పత్రికను ఎంచుకునేటప్పుడు ఈ నియమాలు తెలిసిన పత్రికకే ఇవ్వండి. డబ్బు తీసుకుని వారంలో వేసేసే పత్రికల్లో మంచి పురుగులు పాడైపోవడం చూస్తూనే ఉన్నాం.

మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు అందుకు నిర్దేశించిన సంస్థకు తెలియజేసి, నమూనాలు అక్కడ ఇవ్వాలి. జంతువులకు ఆ సంస్థ జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. పోర్ట్ బ్లెయిర్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది, ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో. హోలోటైప్‌ను మీ కాలేజీ బీరువాలో ఉంచుకోకండి. బదిలీలు, రిటైర్‌మెంట్లు అయ్యాక ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో ఎవరూ చెప్పలేరు. అప్పగించి, రసీదు తీసుకుని, రిజిస్ట్రేషన్ నంబరు వ్యాసంలో వేయండి. కొన్ని పారాటైపులను ఇంకో మ్యూజియానికి కూడా ఇస్తే, ఒకచోట నిప్పో బూజో పడినా రెండోచోట మిగులుతాయి.

చివరి ప్రూఫులో పేరు స్పెల్లింగ్‌ను ప్రతి చోటా వెతికి చూడండి: శీర్షిక, సారాంశం, బొమ్మల కింద, పట్టికలో, జూబ్యాంకు నమోదులో. ఒకే వ్యాసంలో రెండు రకాలుగా అచ్చయితే ఏది సరైనదో తేల్చే పని ఇంకొకరి మీద పడుతుంది. అది సరిచూశాక, అనుమతి ఇచ్చిన అటవీ శాఖ ఆఫీసుకు ఒక కాపీ, మీతో అడవికి వచ్చిన గార్డుకు ఒక కాపీ, చెట్టు పేరు చెప్పినవారికి ఒక కాపీ పంపండి. పెంపకం డబ్బాలో ఇంకా పిల్ల పురుగులు మిగిలి ఉంటే ఆ ఐదు దశలనూ కొలిచి గీయడం మొదలుపెట్టండి. చాలా జాతులకు ఆ వర్ణన ఇంతవరకూ ఎవరూ రాయలేదు.